ఒకే మంట, రెండు కథలు: ‘ఇల్ ట్రొవతోరె’ చిక్కుముడి

ఆఖరి నిమిషం. స్పెయిన్‌లో ఒక కోట చెరసాల. కౌంట్ లూనా అనే దొర తన శత్రువు మన్రీకోని తల నరికించడానికి అప్పుడే బయటికి పంపించాడు. మూలన ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్న ఆడమనిషి ఉలిక్కిపడి లేచి, “నా కొడుకేడీ?” అంటుంది. “చావడానికి పోయాడు” అంటాడు లూనా. “ఆగు! నా మాట విను!” అని ఆమె అరుస్తుంది. అతను వినడు. కిటికీ దాకా ఈడ్చుకెళ్లి “చూడు” అంటాడు. బయట గొడ్డలి వేటు పడిపోతుంది. అప్పుడంటుంది ఆమె: “వాడు నీ తమ్ముడు!” ఆ వెంటనే ఇంకో మాట: “అమ్మా, నీ పగ తీరింది!” లూనా నోట ఒక్కటే మాట వస్తుంది: “నేనింకా బతికే ఉన్నాను!” ఆర్కెస్ట్రా ఉరుముతుంది. తెర పడుతుంది.

మొదటిసారి చూసినవాళ్లు ఇక్కడ పక్కవాళ్ల మొహం చూస్తారు. తమ్ముడేంటి? ఏ అమ్మ? ఎవరి మీద పగ? తెలుసుకుందామంటే ఆట అయిపోయింది, జనం లేచి చప్పట్లు కొడుతున్నారు.

ఇటలీ సంగీతకర్త జుసెప్పె వెర్ది కట్టిన ‘ఇల్ ట్రొవతోరె’ పేరుకి అర్థం ‘పాటలు కట్టి పాడేవాడు’ అని. 1853 జనవరి 19న రోమ్‌లో, టైబర్ నది ఒడ్డునున్న అపోలో నాటకశాలలో మొదటిసారి ఆడారు. ఒపేరా అంటే మాటలు కూడా పాడుతూనే చెప్పే నాటకం. మన పద్యనాటకం చూసినవాళ్లకి పెద్ద వింతేం కాదు. ఆ లోకంలో తలాతోకా లేని కథకి ఉదాహరణ చెప్పమంటే నూటికి తొంభై మంది ఈ పేరే చెబుతారు. పాటలు అద్భుతం, కథ అయోమయం అని ఒక ముద్ర పడిపోయింది.

ఆ ముద్ర అన్యాయం అని నా గట్టి నమ్మకం. అసలు కథ చిక్కుపడలేదు. దానికి మూలమైన ఒక మంట, తెర లేవడానికి పదిహేనేళ్ల ముందే మండి చల్లారిపోయింది. దాన్ని మనకి ఎవరూ చూపించరు. ఇద్దరు మనుషులు, రెండు వేర్వేరు చోట్ల, చెబుతారు. ఒకతను కాల్చినవాళ్ల మనిషి. ఇంకొకామె కాలిపోయినామె కూతురు. ఆ రెండు పాటల్లో మాటలు వింటే చాలు, మిగతా మూడు గంటలూ నల్లేరు మీద బండి నడకే. ఇబ్బందల్లా, ఆ రెండు పాటల్లో ఒకటి ప్రేక్షకులు ఇంకా సీట్లు వెతుక్కుంటున్నప్పుడే వచ్చేస్తుంది.

కాపలావాళ్ల కథ

అర్ధరాత్రి కావస్తోంది. లూనా ఉండే అలియాఫెరీయా కోటలో కాపలావాళ్లు కునికిపాట్లు పడుతున్నారు. నిద్ర పట్టకుండా ఏదైనా చెప్పమంటే, వాళ్ల నాయకుడు ఫెర్రాండో పాత సంగతి ఎత్తుకుంటాడు.

పెద్ద కౌంటుకి, అంటే ఇప్పటి లూనా తండ్రికి, ఇద్దరు మగపిల్లలు. చిన్నవాడు ఇంకా ఉయ్యాల్లో ఉన్నాడు. ఒక తెల్లవారుజామున దాదికి మెలకువ వచ్చి చూస్తే పిల్లవాడి పక్కన ఎవరో ముసలామె నిలబడి ఉంది. జిప్సీ మనిషి. ఎర్రబడ్డ కళ్లతో బిడ్డనే గుచ్చిగుచ్చి చూస్తోంది. దాది కెవ్వుమంది. పనివాళ్లు పరుగెత్తుకొచ్చి ఆమెని బయటికి గెంటేశారు. “పిల్లాడి జాతకం చూద్దామని వచ్చాను” అని ఆమె అంటే ఎవరూ నమ్మలేదు. ఆ తర్వాత బిడ్డకి సన్నటి జ్వరం పట్టుకుంది. పాలిపోయాడు, నీరసించాడు, పగలంతా ఏడుస్తూనే ఉన్నాడు. ఇంకేముంది, చేతబడి చేసిందన్నారు. వెంటాడి పట్టుకుని బతికుండగానే కాల్చేశారు.

ఇందులో సాక్ష్యం ఎంతో గమనించండి. ఒక ముసలామె ఒక బిడ్డను చూసింది. బిడ్డకి జ్వరం వచ్చింది. అంతే.

మా పెద్దమ్మకి ఒకసారి ఈ కథ చెబితే ఆవిడకి ఎక్కడా అడ్డు తగల్లేదు. “ముక్కూమొహం తెలియని మనిషి తెల్లారకుండా ఉయ్యాల దగ్గర నిలబడితే దిష్టి తగిలిందనే అంటారు. తర్వాతేమైంది?” అంది. ఐరోపాలో చదువుకున్న విమర్శకులు నూటయాభై ఏళ్లుగా నమ్మశక్యం కాదంటున్న కథ ఆవిడకి పక్కవీధిలో జరిగినట్టే అనిపించింది. బాణామతి చేస్తోందన్న అనుమానంతో మనిషిని కొట్టి చంపారన్న వార్తలు తెలంగాణ పల్లెల నుంచి మనం పేపర్లో చదివినవే కదా.

తర్వాతేమైందంటే, కాలిపోయినామెకి ఒక కూతురుంది. ఆమె పగబట్టింది. ఒకరోజు పిల్లవాడు మాయమయ్యాడు. ముసలామెని కాల్చిన చోటే, ఇంకా పొగలు కక్కుతున్న బూడిదలో, సగం కాలిన పసిబిడ్డ ఎముకలు దొరికాయి. అయినా తండ్రి మనసు ఒప్పుకోలేదు. కొడుకు ఎక్కడో బతికే ఉన్నాడనిపించింది. చనిపోతూ పెద్దకొడుకుని పిలిచి, తమ్ముడి కోసం వెతకడం మాననని మాట తీసుకున్నాడు. ఆ పెద్దకొడుకే ఇప్పటి కౌంట్ లూనా. ఈ ప్రమాణం సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో పని పడుతుంది.

ఫెర్రాండో అక్కడితో ఆగితే బాగుండేది. కాపలావాళ్లు ఆగనివ్వరు. ఆ ముసలామె ఆత్మ ఇంకా తిరుగుతోందంటారు. ఇంటి చూరు మీద గుడ్లగూబగా చూశామని ఒకరు, కాకిగా చూశామని ఒకరు. ఆమె నుదుటి మీద కొట్టిన పనివాడి గదిలోకి గుడ్లగూబ రూపంలో వచ్చి మెరిసే కళ్లతో చూస్తే, వాడు భయంతో చచ్చాడట. అది సరిగ్గా అర్ధరాత్రి జరిగిందని పాట చెబుతుండగానే కోట గంట పన్నెండు కొడుతుంది. అంత లావు సైనికులూ “మంత్రగత్తె నాశనమైపోను!” అని ఒక్క అరుపు అరుస్తారు.

హాల్లో ఇక్కడ నవ్వేవాళ్లుంటారు. నవ్వొచ్చు కానీ వెర్ది పని చూడండి. ఈ కథ ఫెర్రాండో పాడే నడక మూడు లెక్కలది, మన భాషలో తిస్రం. గెంతులా ఉంటుంది, భయపెట్టాల్సిన చోట ఊరిస్తుంది. ఎన్నోసార్లు చెప్పి చెప్పి నున్నగా అరిగిపోయిన కథ అని ఆ వరస వింటేనే తెలిసిపోతుంది. ఒక మనిషిని కాల్చేశారన్న బాధ అందులో ఎక్కడా లేదు.

కూతురి కథ

రెండో అంకంలో తెల్లవారుతుంది. బిస్కే కొండల్లో జిప్సీల గుడారాలు. ఇక్కడే సుత్తులతో దాగలి మీద కొడుతూ పాడే ఆ పేరుమోసిన కోరస్ వస్తుంది. ఒపేరా పేరు తెలియనివాళ్లు కూడా ఏ సినిమాలోనో, ఏ ప్రకటనలోనో విని ఉంటారు. ఆ పాటలో గంభీరమైన విషయం ఏమీ లేదు. పొద్దున్నే పనిలోకి దిగి, జిప్సీ బతుకుకి అందం ఎవరంటే జిప్సీ పిల్లే అని పాడుకుంటారు.

ఆ హోరు ఆగగానే, నిప్పు పక్కన కూర్చున్న అజుచేనా, అంటే ఆ కాలిపోయినామె కూతురు, మొదలుపెడుతుంది: ‘స్త్రీదె లా వాంపా’. మంట పెటపెటలాడుతోంది, జనం కేకలు వేస్తూ ఎగబడుతున్నారు, చెప్పుల్లేకుండా చింపిరి బట్టల్లో ఉన్న ఆడమనిషిని తీసుకొస్తున్నారు. ఇదీ తిస్రమే. ఫెర్రాండో కథ చెప్పిన అదే మైనర్ శ్రుతి, అదే మూడు లెక్కలు. కాల్చినవాళ్ల పాటకి, కాలినవాళ్ల పాటకి వెర్ది ఒకే నడక ఇచ్చాడు. అయితే ఇక్కడ గెంతు లేదు. వరస ఒకటి రెండు స్వరాల చుట్టే తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. బిడ్డని ఊపుతున్నట్టు ఉంటుంది, పుండుని గెలుకుతున్నట్టూ ఉంటుంది. మధ్యమధ్య గొంతు సన్నగా వణుకుతుంది, మంట నాలుక కదిలినట్టు. రెండు చరణాలకీ అదే వరస. ఆమె మనసు ఎక్కడ ఇరుక్కుపోయిందో చెప్పడానికి ఇంతకంటే మాటలు అక్కర్లేదు.

చుట్టూ ఉన్నవాళ్లు “నీ పాట దిగులుగా ఉంది” అని మొహమాటంగా అని పనికి వెళ్లిపోతారు. ఆమె తన కొడుకు మన్రీకో వైపు తిరిగి, “నా పగ తీర్చు... నా పగ తీర్చు...” అని గొణుగుతుంది. అతను తనలో అనుకునే మాట నాకు చాలా ఇష్టం: మళ్లీ అదే అర్థంకాని మాట! అంటే పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వింటున్నాడన్నమాట. అది ఎవరి మాటో ఇప్పటిదాకా తెలియదు.

ఇప్పుడు చెబుతుంది. సంకెళ్లు వేసి అమ్మని తీసుకెళుతుంటే చంకలో తన పసిబిడ్డతో వెనకే నడిచింది. అమ్మ దీవెన అందుకుందామని దగ్గరికి పోబోతే సైనికులు కత్తిమొనలతో నెట్టేశారు. ఆఖరికి అమ్మ విరిగిపోయిన గొంతుతో ఒక్క మాట అంది, నా పగ తీర్చు అని. ఆ మాట తన గుండెలో ఎప్పటికీ మోగుతూనే ఉండిపోయిందంటుంది.

కౌంటు కొడుకుని ఎత్తుకొచ్చింది. అదే చోట మంట సిద్ధంగా ఉంది. పిల్లవాడు వెక్కివెక్కి ఏడుస్తుంటే ఆమె మనసు ముక్కలైంది. ఈ చిన్న వివరం చాలామంది చెవిన పడదు. ఆమె జాలిపడింది. ఆ క్షణంలో పగ ఓడిపోవాల్సింది.

సరిగ్గా అప్పుడు కళ్ల ముందు అమ్మ కనిపించింది. ఇక్కడ వెర్ది ఆమె చేత ఆ మంట పాట మళ్లీ పాడించడు. వయొలిన్లు, చాలా పైస్థాయిలో, వినీవినపడనట్టు, దాన్ని వాయిస్తాయి. పాట ఆమె తలలోంచి వస్తోంది. పాలిపోయిన మొహాలు, చెప్పుల్లేని కాళ్లు, ఆ కేక. ఆమె చెయ్యి దానంతటదే చాచుకుంది, అందిన బిడ్డని పట్టుకుంది, మంటలోకి తోసింది. పూనకం దిగింది. చుట్టూ చూసుకుంది. కౌంటు కొడుకు పక్కనే ఉన్నాడు, బతికే ఉన్నాడు.

“నా కొడుకుని... నా కొడుకుని కాల్చేశాను!”

ఆ తర్వాత గొంతు పాతాళానికి దిగుతుంది. తలచుకుంటే ఇప్పటికీ వెంట్రుకలు నిక్కబొడుచుకుంటున్నాయని ఆమె పాడేది అరుపుగా కాదు, లోపలికి, దాదాపు మాటలా. ఎంత మంచి గాయని అయినా ఈ దిగువ స్వరాల దగ్గరే దొరికిపోతుంది.

మన్రీకో తెలివైనవాడే, వెంటనే అడుగుతాడు: మరి నేనెవరిని? నీ కొడుకుని కానా? ఆమె ఠక్కున నాలుక మడతేస్తుంది. నువ్వు నా కొడుకువే, ఆ రాత్రి గుర్తొస్తే నాకు మతి చెడుతుంది, ఏదేదో వాగుతాను, యుద్ధంలో చచ్చావనుకుని వదిలేస్తే వెతికి తెచ్చి బతికించింది ఎవరు? అతను నమ్ముతాడు. నమ్మకుండా ఎలా ఉంటాడు, పెంచింది ఆమే కదా. ఆమె మాటల్లో ప్రేమ అబద్ధం కాదు కూడా.

అంతే, ముడి ఇక్కడ విప్పేశారు. మన్రీకో లూనా తమ్ముడు. మనకి తెలిసింది. ఆమెకి తెలుసు. అన్నదమ్ములిద్దరికీ తెలియదు.

మంత్రం ఎక్కడుంది?

ఈ ఒపేరాని మంత్రగత్తెల కథగా చెప్పేవాళ్లు ఉన్నారు. నాలుగు అంకాలూ వెతకండి, ఒక్క మంత్రం పనిచేయదు. ముసలామె నిజంగా జాతకం చూడ్డానికే వచ్చిందో ఏమో కథ చెప్పదు. దయ్యమై గుడ్లగూబలా తిరిగేది కాపలావాళ్ల నోళ్లలోనే. చేతబడి అన్నది ఇక్కడ ఒక నింద, ఆ నిందకి ఉన్న శక్తి మాత్రం నిజం. ఒక ప్రాణం తీసింది, ఒక కూతురి మతి చెడగొట్టింది, ఇద్దరు అన్నదమ్ముల్ని ఎదురెదురుగా నిలబెట్టింది.

మానవాతీతం అనదగ్గది వెతికితే ఒక్కటి దొరుకుతుంది, దాన్ని ఎవరూ మంత్రం అనరు. మొదటి అంకం చివర్లో మన్రీకో, లూనా కత్తులు దూస్తారు. లూనా కింద పడ్డాడు, మన్రీకో కత్తి ఎత్తాడు, కానీ దించలేకపోయాడు. ఆకాశం నుంచి “కొట్టకు” అన్న కేక వినిపించినట్టు ఒళ్లంతా జిల్లుమందని తర్వాత తల్లికి చెబుతాడు. రక్తం రక్తాన్ని గుర్తుపట్టింది, మనిషి గుర్తుపట్టలేదు. దానికి అజుచేనా జవాబేమిటంటే, ఈసారి దొరికితే పిడి దాకా దించు అని. ఆలోచిస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది. మన్రీకో లూనాని చంపినా, లూనా మన్రీకోని చంపినా, పెద్ద కౌంటు ఇంట్లో ఒక కొడుకు ఇంకో కొడుకు చేతిలో చస్తాడు. పగ రెండు దారుల్లోనూ తీరుతుంది. ఒక దారిలో మాత్రం పెంచిన ప్రేమ పోతుంది.

ప్రేమకథ ఉందా అంటే ఉంది. లియొనోరా అనే దొరల పిల్ల మన్రీకోని ప్రేమిస్తుంది, ఆమెని లూనా ప్రేమిస్తాడు. మన్రీకో చనిపోయాడనుకుని సన్యాసినుల మఠంలో చేరబోతుంది, అతను వచ్చి తీసుకెళతాడు. చివరికి అతన్ని విడిపించడానికి లూనాకి తనని ఇస్తానని మాటిచ్చి, ఉంగరంలో దాచిన విషం మింగి చనిపోతుంది. ఆమె పాటలు గొప్పవి. నాలుగో అంకంలో కోట బురుజు కింద చీకట్లో ఆమె నిలబడి ఉంటే, లోపలి నుంచి చావబోయేవాళ్ల కోసం చేసే ప్రార్థన, పైనుంచి మన్రీకో గొంతు కలిసి వస్తాయి. అది విని కదలని మనిషి ఉండడు. అయినా కథకి ఇరుసు ఆమె కాదు.

వెర్దికీ ఆ సంగతి తెలుసు. 1851లో కథ ఎన్నుకున్నప్పుడే అతని కళ్లు జిప్సీ ఆమె మీద పడ్డాయి. మూలం స్పానిష్ నాటకం ‘ఎల్ ట్రొవదోర్’, 1836 మార్చి 1న మాడ్రిడ్‌లో మొదలైంది. రాసింది అంతోనియో గార్సియా గుతియేర్రెజ్, వెర్ది పుట్టిన 1813లోనే పుట్టినవాడు. దాన్ని ఇటాలియన్‌లో పాటల నాటకంగా మార్చే పని నేపుల్స్‌లో ఉండే సల్వదోరె కమ్మరానోకి అప్పగించాడు. కమ్మరానో అనుభవం ఉన్న మనిషి, కానీ ఈ కథ అంటే కొంచెం బెరుకు. అతను పంపిన ప్రణాళిక చూసి వెర్ది 1851 ఏప్రిల్‌లో రాసిన ఉత్తరంలో ఒకటే పట్టు: అజుచేనాని పిచ్చిదాన్ని చేయొద్దు. అలసట, దుఃఖం, భయం, నిద్రలేమి వల్ల మాటలు పొంతన తప్పుతాయి గానీ ఆమె పిచ్చిది కాదు. కొడుకు మీద ప్రేమ, తల్లి కోసం పగ, ఈ రెండూ చివరిదాకా నిలవాలి.

ఇది చిన్న సలహా కాదు. అప్పటి ఒపేరాల్లో ఆడపాత్రకి కష్టం వస్తే మతి పోగొట్టి, జుట్టు విరబోసి, ఒక పొడుగాటి పిచ్చిపాట పాడించడం అలవాటు. ప్రేక్షకులకి కన్నీళ్లు, గాయనికి చప్పట్లు. దోనిజెత్తి అనే సంగీతకర్త కట్టిన ‘లూచీయా దీ లమ్మెర్మూర్’లో అలాంటి దృశ్యం రాసింది ఈ కమ్మరానోనే. పిచ్చి అనేస్తే ఆమె చేసినదానికి ఆమె బాధ్యత పోతుంది. వెర్దికి ఆ తప్పించుకునే దారి వద్దు. ఆమెకి తెలిసే చేస్తుంది, తెలిసే ప్రేమిస్తుంది. ఒక మాట పట్టుకుని పదిహేనేళ్లు వేలాడటం పిచ్చి కాదు, అంతకంటే భారమైనది.

కమ్మరానో ఆ పని పూర్తిగా ముగించకుండానే 1852 జూలైలో చనిపోయాడు. ఆ సంగతి వెర్దికి స్నేహితులెవరూ రాయలేదు, ఒక నాటకాల పత్రికలో చదివి తెలుసుకున్నాడు. మిగిలిన ముక్కలు లియొనె ఎమనుయెలె బర్దారే అనే కుర్ర కవి పూర్తిచేశాడు. ఒప్పుకున్నది 500 డుకట్లు (అప్పటి నాణేలు) అయితే, వెర్ది కమ్మరానో భార్యకి 600 ఇచ్చాడు.

కథ అర్థం కాదన్న చెడ్డపేరుకి కారణం కూడా కొంత ఇక్కడే ఉంది. పొడుగాటి నాటకాన్ని కుదించేటప్పుడు జరిగిన సంగతుల్ని తెర వెనక్కి తోసేసి, మనుషులు మండిపోయే క్షణాలే వేదిక మీద ఉంచారు. మన్రీకో గాయపడిన యుద్ధం తెర వెనకే. అతను పట్టుబడటం తెర వెనకే. మూడో అంకం చివర్లో కత్తి దూసి పరుగెడతాడు, నాలుగో అంకం మొదట్లో చెరసాల్లో ఉంటాడు, మధ్యలో ఏమైందో రెండు మాటల్లో చెప్పేస్తారు. ప్రేక్షకుడు ఆ రెండు మాటలప్పుడు తుమ్మితే ఇక అంతే.

లెక్కల్లోనూ కాస్త తేడాలున్నాయి. పిల్లవాడిని ఎత్తుకుపోయి పదిహేనేళ్లయిందని మూడో అంకంలో లూనానే అంటాడు. అప్పటికి ఉయ్యాల్లో బిడ్డ. అంటే సైన్యాల్ని నడిపి, కోటల్ని కాపాడి, దొరల పిల్లతో పెళ్లికి సిద్ధమైన మన హీరోది ఇంటర్ చదివే వయసు. ఆ పాత్రని యాభై దాటిన గాయకులు వేయడం మామూలే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అలాగే కథ 15వ శతాబ్దం మొదట్లో, అరగాన్ రాజ్యంలో వారసత్వ గొడవల కాలంలో జరుగుతుంది. జిప్సీలుగా పిలిచే రోమా ప్రజలు ఆ రాజ్యంలోకి వచ్చినట్టు దొరికే తొలి రాత ఆధారం 1425 నాటిది. కవి తొందరపడ్డాడు.

రోమాల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఈజిప్టు నుంచి వచ్చారనుకుని ఐరోపావాళ్లు వాళ్లకి జిప్సీలన్న పేరు పెట్టారు. నిజానికి వాళ్ల పూర్వులు వెళ్లింది ఉత్తర భారతం నుంచి. వాళ్ల భాషలో నీళ్లని ఇప్పటికీ పానీ అంటారు, చెవిని కాన్ అంటారు. అజుచేనా నిజంగా ఉండి ఉంటే, ‘నీళ్లు ఇవ్వు’ అని ఆమె అడిగితే హైదరాబాద్‌లో ఎవరికైనా సగం అర్థమయ్యేది.

మంట మళ్లీ మళ్లీ

మూడో అంకంలో అజుచేనా లూనా సైన్యానికి దొరికిపోతుంది. ఫెర్రాండో గుర్తుపడతాడు. భయంతో ఆమె “మన్రీకో, ఎక్కడున్నావు నాయనా!” అని అరిచేసరికి లూనాకి పండగే. శత్రువు తల్లి చేతికి దొరికింది, పైగా తమ్ముడిని కాల్చిన మనిషి కూడా ఈమే. ఈమెని చంపితే మన్రీకో గుండెలో పొడిచినట్టే, తమ్ముడి పగా తీరుతుందని పొంగిపోతాడు. తమ్ముడి కోసం తమ్ముడిని. ఈ చోట ఎవరైనా ఒక్కరు నోరు విప్పితే కథ ముగిసిపోయేది. విప్పాల్సిన ఆ ఒక్కరికీ, నిజం చెబితే కొడుకు కొడుకు కాకుండా పోతాడు.

తల్లిని కాల్చడానికి కట్టెలు పేరుస్తున్నారని తెలిసి మన్రీకో పాడేది ‘దీ క్వెల్లా పీరా’, ఆ చితి మంట నా నరనరాన్ని కాలుస్తోందని. ఇందులో టెనర్లు, అంటే పైస్థాయి గొంతున్న మగ గాయకులు, కొట్టే ‘సి’ అనే పై స్వరం కోసం జనం టికెట్లు కొంటారు. వెర్ది రాసిన స్వరపత్రంలో ఆ స్వరం లేదు, గాయకులు చేర్చుకున్నది. 2000 డిసెంబర్ 7న మిలాన్‌లోని లా స్కాలా నాటకశాలలో, ఆర్కెస్ట్రాని నడిపిన రికార్దో ముతి రాసింది రాసినట్టే పాడించాడు. మన్రీకో వేషం వేసిన సల్వతోరె లిచీత్ర ఆ స్వరం కొట్టలేదని పైఅంతస్తువాళ్లు గోల చేశారు. నాకు ఆ గోల మీద కొంచెం జాలి. పాట మొదట్లోనే సన్నసన్న స్వరాలు సుడులు తిరుగుతూ పోతాయి, రెండో అంకంలో తల్లి గొంతులో వణికిన మంటే కొడుకు గొంతుకి అంటుకుంది. వినాల్సింది అది. చివరి కేక కోసం కాచుక్కూర్చుంటే ఇది చేజారిపోతుంది.

చెరసాల్లో అజుచేనా మళ్లీ ఆ మంటనే చూస్తుంది. లూనా తీర్పు ముందే వచ్చింది: కొడుక్కి గొడ్డలి, తల్లికి చితి. అంటే అమ్మకి పట్టిన గతే తనకీ. గోడల మీద నిప్పు కనిపిస్తుంది, ఆర్కెస్ట్రాలో పాత వరస తిరిగొస్తుంది. మన్రీకో ఆమెని పసిపిల్లని జోకొట్టినట్టు జోకొడతాడు. మన కొండలకి తిరిగి వెళ్లిపోదాం, నువ్వు వీణ మీటుతూ పాడు, నేను హాయిగా నిద్రపోతాను అని నిద్రమత్తులో ఆమె పాడుతుంది. ఒపేరా మొత్తంలో అజుచేనా గొంతు మంట నుంచి దూరంగా వెళ్లేది ఈ కొన్ని నిమిషాలే.

మళ్లీ ఆఖరి నిమిషానికి వద్దాం. “ఆగు! నా మాట విను!” అని ఆమె అరిచింది. అంటే చెప్పబోయింది. పగ కోసం కావాలనే ఆలస్యం చేసిందని కొందరు దర్శకులు చూపిస్తారు, నాకది నచ్చదు. ఆ అరుపులో ఉన్నది తల్లి. లూనా విని ఉంటే ప్రేమ గెలిచేది. వినలేదు కాబట్టి చేతిలో పగ ఒక్కటే మిగిలింది, దాన్నే అమ్మకి అప్పగించింది. వెర్ది ఉత్తరంలో అడిగిన రెండు భావాలూ ఒక్క ఊపిరిలో, ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి.

ఇప్పుడు ఫెర్రాండో చెప్పిన ఆ ప్రమాణం గుర్తు తెచ్చుకోండి. చనిపోతూ తండ్రి, తమ్ముడిని వెతకమన్నాడు. కాలిపోతూ తల్లి, పగ తీర్చమంది. ఇద్దరు పిల్లలు రెండు ఆఖరి మాటలకి కట్టుబడి పదిహేనేళ్లు గడిపారు. లూనా తమ్ముడిని కనుక్కున్నాడు. అజుచేనా పగ తీర్చింది. రెండు మాటలూ ఒకే గొడ్డలి వేటుతో నెరవేరాయి.

రోమ్‌లో మొదటిరోజు జనం మూడో అంకం ముగింపుకి, మొత్తం నాలుగో అంకానికి వన్స్ మోర్ అడిగారు. విషాదం ఎక్కువైంది, చావులు మరీ ఎక్కువయ్యాయి అన్నవాళ్లూ లేకపోలేదు. దానికి వెర్ది తన స్నేహితురాలు క్లారా మఫ్ఫేయికి ఆ నెలలోనే రాసిన ఉత్తరంలో, బతుకంతా చావే కదా, ఇంకేముంది అన్నాడు. అప్పటికే అతని బల్ల మీద ‘లా త్రవియాతా’ ఉంది, వెనిస్‌లో ఆడటానికి అయిదు వారాలే గడువు.

జరగోజా ఊళ్లో అలియాఫెరీయా కోట ఇప్పటికీ ఉంది. అరగాన్ ప్రాంతపు శాసనసభ అక్కడే నడుస్తోంది. ఆ కోటలో అన్నిటికంటే పాత భాగమైన బురుజుని ‘పాటగాడి బురుజు’ అంటారు. అక్కడ మన్రీకో అనే ఖైదీ ఎప్పుడూ లేడు. గుతియేర్రెజ్ నాటకం చూసి జనమే పెట్టుకున్న పేరది.